నడుమునొప్పిపై ఒక గ్రంథం: గుణదోష విచారణ

నడుమునొప్పి మనిషికి క్రొత్త బాధ కాదు. కాని నడుము పట్టినవాడు నెలల తరబడి మంచానికి అంటుకొనిపోవడం, ఉద్యోగానికి దూరం కావడం పాశ్చాత్య దేశాలలో ఇరవయ్యో శతాబ్దంలోనే విపరీతంగా పెరిగినవి. పెరిగినది నొప్పి కాదు, అశక్తత. అందుకు వైద్యం కూడా కొంత కారణమని ధైర్యంగా చెప్పిన గ్రంథం గార్డన్ వాడెల్ రచించిన 'ది బ్యాక్ పెయిన్ రెవల్యూషన్'. మొదటి ముద్రణ 1998లో, రెండవది 2004లో వెలువడినవి. గ్రంథకర్త గ్లాస్గో నగరంలో ఎముకల శస్త్రవైద్యుడు. కత్తి చేతబట్టినవాడే, ఎక్కువమందికి కత్తి అవసరం లేదనడం విశేషం గదా!

వెన్నుపూసల మధ్య డిస్కు అనే మెత్తని చక్రిక ఉంటుంది. అది చిట్లి నాడిని నొక్కితే నొప్పి కాలిలోనికి దిగుతుందని 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ వెల్లడించారు. అది నిజమే. అయితే కాలిలోనికి దిగని మామూలు నడుమునొప్పిని కూడా తరువాతివారు ఆ ఖాతాలోనే వ్రాశారు. 1994లో ప్రకటితమైన ఒక పరిశోధనలో నడుమునొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, 52 శాతం మందిలో ఒక డిస్కయినా ఉబ్బి కనిపించినది. భౌతికశాస్త్రం బోధించేవాడిగా ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ యంత్రం పట్టేది ముఖ్యంగా నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాన్ని. వయస్సుతో నీరు తగ్గిన డిస్కు బొమ్మలో నల్లగా కనిపిస్తుంది. నొప్పిని చూపే యంత్రం కాదది. తల నెరిసినదని ఎవరూ ఆస్పత్రికి పోరు. డిస్కు నల్లబడినదంటే మాత్రం గుండె జారిపోతుంది.

విశ్రాంతి సంగతీ అంతే. 1986లో అమెరికాలో 203 మంది రోగులలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడకవిశ్రాంతి చెప్పి చూశారు. రెండు రోజులవారు తక్కువ పనిదినాలు పోగొట్టుకున్నారు. ఇతర విషయాలలో వారికి నష్టమేమీ కలుగలేదు.

ఈ గ్రంథంలో ఉపాధ్యాయులు తప్పక చదువవలసినది రోగులను మూడు తెగలుగా వేరుచేసే పద్ధతి: మామూలు నడుమునొప్పి, నాడీమూలపు నొప్పి, ప్రమాదకరమైన వ్యాధి ఉండవచ్చునని అనుమానించవలసినవి. మూడవ తెగ చాలా చిన్నది, కాని ఆలస్యం పనికిరానిది. మలమూత్రాలు పట్టు తప్పడం, తొడల నడుమ స్పర్శ పోవడం, కాళ్లు బలహీనపడడం జరిగితే వెంటనే ఆస్పత్రికి పోవాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే మన దేశంలో వెన్నెముక క్షయను గుర్తుంచుకోవాలి. అటువంటప్పుడు బొమ్మ తీయించడం దుబారా కాదు, అవసరం.

2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుమునొప్పికి ప్రకటించిన మార్గదర్శక సూత్రాలు చాలావరకు వాడెల్ చూపిన దారిలోనే నడిచినవి. అవి వ్యాయామం, రోగికి బోధన మంచివన్నవి. నడుముపట్టీలు, బరువుకట్టి లాగే ట్రాక్షను, నల్లమందు జాతి మందులు మామూలుగా వాడవద్దన్నవి. మన ఊళ్లలో మందుల దుకాణాలకు వ్రేలాడే పట్టీలను చూస్తే ఈ మాట ఇంకా వీధిలోనికి రాలేదని తెలుస్తుంది.

ఇక దోషాలు. నొప్పిపై భయం, దిగులు, ఇంటి పరిస్థితులు ప్రభావం చూపుతాయన్న అధ్యాయాలు లోతైనవే. కాని ఆ వాదం ఎంత సులభంగా రోగిపైకి తిరుగుతుందో వాడెల్ అనుభవమే చెబుతుంది. తలపై తేలికగా అదిమితే నడుము నొప్పి అనడం వంటి కొన్ని చిహ్నాలను ఆయన 1980లో ప్రకటించారు. అవి రోగి మనఃస్థితిని కూడా విచారించమని వైద్యునికి సూచించేవి. వాటిని దొంగనొప్పికి సాక్ష్యంగా వాడడం మొదలయినది. అది తగదని, 1998లో మెయిన్‌తో కలిసి ఆయనే వ్యాసం వ్రాయవలసి వచ్చినది. ఏళ్ల తరబడి నొప్పితో తరగతిలో నిలబడే ఉపాధ్యాయునితో "బొమ్మలో ఏమీ లేదు" అని వైద్యుడు అంటే, అది ధైర్యవచనమూ కావచ్చు, అవమానమూ కావచ్చు. ఈ రెంటికీ నడుమ గీత ఇంకా స్పష్టంగా గీయవలసినది.

రెండవ లోపం పరిధికి సంబంధించినది. గ్రంథకర్త కంటి ముందున్నది జీతంతో సెలవు, అశక్తులకు భృతి ఉన్న సమాజం. అక్కడి చిక్కు మంచం దిగని రోగి. మన పల్లెలలో రోజంతా వంగి నాట్లు వేసే కూలీకి మంచమెక్కే తీరికే లేదు. ఆమెకు "పని మానకమ్మా" అని ఎవరూ చెప్పనక్కరలేదు. కూలి తెగకుండా కొన్నాళ్లు తేలికపని దొరకాలి. అటువంటి పని చూపించే యజమాని ఒకడుంటాడని గ్రంథం అనుకుంటుంది. లేనివారి సంగతి ఇందులో వెదకినా దొరకదు.