మేకన్ మట్టికి దండం

అలబామా తూర్పు వైపు ఒదిగి కూర్చున్న మేకన్ కౌంటీ, నీకు దండం. నీలో ఇరవై వేలమంది కూడా లేరు. తరాల తరబడి పత్తి పెట్టి పెట్టి, బానిసల చెమట తాగి తాగి సారం ఇంకిపోయిన నేలవి. అలాంటి నీ కడుపున ఇంతమంది ఎలా పుట్టారు? పుట్టనివాళ్లు కూడా వెతుక్కుంటూ నీ దగ్గరికే ఎలా వచ్చారు?

నీ కీర్తి పాడేవాళ్లు బుకర్ టి. వాషింగ్టన్‌తో మొదలుపెడతారు. నేను రేకుల పనివాడు లూయిస్ ఆడమ్స్‌తో మొదలుపెడతాను. బానిసగా పుట్టి, సొంతంగా అక్షరాలు దిద్దుకున్న మనిషి. 1880 ఎన్నికల్లో నల్లవాళ్ల ఓట్ల కోసం ఒక తెల్ల అభ్యర్థి ఆయన గడప తొక్కాడు. బదులుగా ఏం కావాలంటే ఆడమ్స్ తనకంటూ ఏమీ అడగలేదు. మా పిల్లలకు బడి కావాలన్నాడు. ఓటుకు అంతకన్నా మంచి ధర ఎవరైనా కట్టారా?

బడి వచ్చింది. ఏడాదికి 2,000 డాలర్లు, అదీ పంతుళ్ల జీతాలకే. స్థలం లేదు, గోడ లేదు. 1881 జులై 4న పాతికేళ్ల వాషింగ్టన్ ఒక పాత గుడిసెలో పాఠం మొదలుపెట్టాడు. వాన పడితే ఒక విద్యార్థి తన పుస్తకం పక్కన పెట్టి పంతులుగారికి గొడుగు పట్టేవాడు. తడుస్తూనే పాఠం, తడుస్తూనే వినడం.

అప్పుడు నీ బంకమట్టినే నమ్ముకున్నారు. మోకాళ్ల లోతు గుంటల్లో దిగి విద్యార్థులు మట్టి తొక్కారు. మొదటి బట్టీ పాడైంది. రెండోదీ అంతే. మూడోది వారం రోజులు కాలి, ఇక అయిపోవచ్చిందనగా అర్ధరాత్రి కూలింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. వాషింగ్టన్ మాంట్‌గోమరీ వెళ్లి గడియారం కుదువపెట్టి పదిహేను డాలర్లు తెచ్చాడు. నాలుగో బట్టీ నిలిచింది, గడియారం మాత్రం మళ్లీ విడిపించుకోలేదు. అలా మొదలైన బట్టీల ఇటుకలతోనే, ఎం.ఐ.టి.లో చదివిన ఆర్కిటెక్ట్ రాబర్ట్ టేలర్ గీసిన నమూనాలకు, విద్యార్థులే మేస్త్రీలై టస్కీగీ విద్యాలయాన్ని కట్టుకున్నారు.

1896లో ఆ బడికి వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ వచ్చాడు, బానిస తల్లి బిడ్డ. నీ ఒంట్లో బలం లేదని చూడగానే పసిగట్టాడు. పత్తి ఆపి వేరుశనగ వెయ్యండి, అలసంద వెయ్యండి, చిలగడదుంప వెయ్యండి అన్నాడు. వేరుశనగ మొక్క పీకి వేళ్ల మీది బుడిపెలు చూసిన అనంతపురం రైతుకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. గాలిలోని నత్రజనిని నేలకు దించేది ఆ బుడిపెలే. బడికి రాలేని రైతు కోసం 1906లో బడినే గుర్రబ్బండి ఎక్కించి పొలాలకు పంపారు. పీనట్ బటర్ కనిపెట్టింది కార్వరే అంటుంటారు, కాదు. ఆయనకు ఆ కిరీటం అక్కర్లేదు కూడా. అప్పుల్లో మునిగిన పాలికాపు కంచంలోకి నాలుగు మెతుకులు ఎక్కువ పడేలా చూసిన చెయ్యి అది, చాలు.

బస్సులో సీటు వదలనన్న రోజా పార్క్స్ 1913లో నీ ఒడిలోనే కళ్లు తెరిచింది. నల్లవాళ్లకు విమానం నడపడం చేతకాదన్న కాలంలో, 1941లో, అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌ని ఎక్కించుకుని నీ ఆకాశంలో తిప్పాడు ఆల్‌ఫ్రెడ్ ఆండర్సన్. ఆ తర్వాత దాదాపు వెయ్యిమంది నల్ల పైలట్లు నీ మీదనుంచే రెక్కలు కట్టుకున్నారు. పాటగాడు లయనెల్ రిచీ కూడా నీవాడే. ఆయన పాటలు రేడియోలో మోగుతూనే ఉన్నాయి, నా పొగడ్తతో పనిలేదు.

నీ ముఖం మీద గాట్లూ ఉన్నాయి. 1957లో నల్ల ఓటర్లను ఊరవతలికి నెట్టడానికి, చతురస్రంగా ఉన్న టస్కీగీ పట్టణ పొలిమేరను ఇరవై ఎనిమిది మూలలుగా కత్తిరించారు. నాలుగు వందల మందిలో నలుగురో అయిదుగురో మిగిలారు. ప్రొఫెసర్ చార్లెస్ గొమిలియన్ కోర్టుకెక్కాడు, 1960లో సుప్రీంకోర్టులో గెలిచాడు. 1966 జనవరిలో పెట్రోలు బంకు దగ్గర, తెల్లవాళ్ల మరుగుదొడ్డి గొడవలో, ఇరవై ఒక్కేళ్ల విద్యార్థి శామీ యంగ్‌ను కాల్చి చంపారు. చంపినవాణ్ణి నిర్దోషి అన్నారు. అదే ఏడాది ఓట్లేసి లూషియస్ ఆమర్సన్ అనే నల్లవాణ్ణి నీ ప్రజలు షెరీఫ్‌ను చేసుకున్నారు.

ఇక నీ నల్లబిడ్డలు, ఆరువందల మంది. వాళ్ల దగ్గరికి రాగానే నా గొంతు పాట మరిచిపోతుంది. 1932లో ప్రభుత్వ వైద్యులు వచ్చి రక్తం చెడిందన్నారు, ఉచితంగా చూస్తామన్నారు. వాళ్లలో 399 మందికి సిఫిలిస్. ఆ సంగతి చెప్పలేదు, మందు ఇవ్వలేదు. వెన్నులో సూది గుచ్చి అదే వైద్యమన్నారు. అంత్యక్రియల ఖర్చు మాదే, చచ్చాక ఒళ్లు కోసి చూడనివ్వండి అన్నారు. 1947 నాటికి పెన్సిలిన్ అందరికీ అందుతున్నా వీళ్లకు అందనివ్వలేదు. నలభై ఏళ్లు! చెప్పక తప్పదు తల్లీ, గడియారం కుదువపెట్టి కట్టుకున్న నీ టస్కీగీ విద్యాలయం ఆసుపత్రి కూడా అందులో చెయ్యి కలిపింది.

1972లో గుట్టు రట్టయ్యాక, ఆ ఆరువందల మందిలో ఒకడైన చార్లీ పోలార్డ్ అనే రైతు నేరుగా లాయరు ఫ్రెడ్ గ్రే దగ్గరికి వెళ్లాడు. రోజా పార్క్స్ తరఫున నిలబడ్డవాడు, గొమిలియన్ కేసు వాదించినవాడు ఆ గ్రేనే. రెండేళ్లలో ప్రభుత్వం పరిహారానికి దిగొచ్చింది. క్షమాపణకు ఇంకా ఇరవై మూడేళ్లు పట్టింది. 1997 మే 16న వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు క్లింటన్ నోరు తెరవకముందు మైకు ముందుకొచ్చినవాడు తొంభై నాలుగేళ్ల హెర్మన్ షా, ఆ ఆరువందల మందిలో మిగిలినవాడు. తాత తన మాట పూర్తి చేసి పిలిచాకే, క్షమాపణ చెప్పాల్సిన పెద్దమనిషికి వంతు వచ్చింది.