మద్రాసులో మన పేట

మిరపకాయలు అమ్ముకుని చేతిలో నాలుగు డబ్బులు పడ్డాక, తొలకరి దుక్కులు ఇంకా మొదలు కాకముందు, మా మెట్ట ఊళ్లు కదులుతాయి. జగ్గయ్యపేటలో, నందిగామలో కరెంటు స్తంభాలకు యాత్రల ఫ్లెక్సీలు వేలాడతాయి. కాణిపాకం, తిరుపతి, అరుణాచలం, కంచి, మహాబలిపురం, మద్రాసు. అన్నిటికీ ఒకటే బస్సు, ఒకటే టికెట్టు. వంటమనిషి, గ్యాసు పొయ్యి, పచ్చడి డబ్బాలు వెంటే వస్తాయి. ఆ వరసలో మద్రాసు వంతుకు వచ్చేది ఒక పూట. మెరీనాలో కాళ్లు తడుపుకోవడం, లైట్‌హౌస్ ముందు ఫోటో, టి.నగర్లో పట్టుచీరలు, మళ్లీ బస్సు. ఇంటికొచ్చాక ఉక్కపోత గురించి చెబుతారు, చీరల ధరలు చెబుతారు. ఊరి గురించి చెప్పడానికి ఏమీ మిగలదు.

ఏడాదంతా ఎండలో కష్టపడిన మనిషి, కూడబెట్టిన డబ్బుతో, రాత్రులు బస్సులో నిద్ర చెడగొట్టుకుని అంతదూరం వెళ్లి, చూడాల్సింది చూడకుండా తిరిగి రావడం నాకు కష్టంగా ఉంటుంది. పట్నం చూడ్డం కూడా ఒక విద్యే. ఎన్ని చూశామన్న లెక్క పక్కనపెట్టి, ఆ ఊళ్లో మనకు సంబంధించింది ఏముందో తెలుసుకుని దాని చుట్టూ మిగతావి పెట్టుకోవడం ఆ విద్యలో మొదటి పాఠమని నా నమ్మకం. జగ్గయ్యపేట వాళ్లకు మద్రాసులో అలాంటి సంబంధం ఒకటి ఉంది. అది ఎగ్మూరులో, పాంథియన్ రోడ్డులో, ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

హైదరాబాదు మాకు దగ్గరే. హైవే ఎక్కితే రెండొందల కిలోమీటర్ల లోపు. కానీ పిల్లల ఉద్యోగాలనో, ఆసుపత్రులనో వెళ్తాం. చార్మినారు పక్కనుంచి పోయినా మనసు వెళ్లిన పని మీదే ఉంటుంది. మద్రాసులో ఇప్పుడు మనకు పనేమీ లేదు, అందుకే దాన్ని తీరిగ్గా చూడగలం. మా తాతల కాలంలో సంగతి వేరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. హైకోర్టు వ్యాజ్యమన్నా, పెద్ద చదువన్నా, సినిమా అన్నా చెన్నపట్నమే. పాలేరు దాటితే నైజాం, పరాయి రాజ్యం. పని మీద వెళ్లిన ఆ తరం కూడా మ్యూజియాన్నీ జంతు ప్రదర్శనశాలనూ చూడకుండా వచ్చేది కాదు. చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ అని వాటికి పేర్లు పెట్టుకున్నారు.

వెళ్లడానికి రైలే మంచిది. బెజవాడలో పొద్దున్నే పినాకిని ఎక్కితే ఒంగోలు, నెల్లూరు మీదుగా మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. 430 కిలోమీటర్లు కూర్చునే పోవచ్చు, మర్నాటికి ఒళ్లు హూనం కాదు. చాలామంది సెంట్రల్ దగ్గరున్న లాడ్జీల్లోనే దిగుతారు. నేను ఎగ్మూరు దాకా పోతాను. మెట్రోలో సెంట్రల్ తర్వాతి స్టేషనే. రైల్వే స్టేషనుకు ఎదురుగా కెన్నెట్ లేన్‌లో లాడ్జీలు వరసగా ఉంటాయి, మ్యూజియానికి నడిచిపోవచ్చు. గది తీసుకునే ముందు అద్దె ఇరవై నాలుగు గంటలకా, లేక పన్నెండింటికల్లా ఖాళీ చెయ్యాలా అని అడగండి. డబ్బు కట్టకముందే తలుపు తీయించి, కుళాయి తిప్పి చూడండి. ఆడవాళ్లతో, పిల్లలతో వెళ్లినప్పుడు ఇందులో మొహమాటం పనికిరాదు.

స్టార్ హోటళ్లలో దిగే స్తోమత మనలో అందరికీ ఉండదు. కానీ జెమినీ ఫ్లైఓవర్ పక్కన ఉన్న ద పార్క్ హోటల్లోకి ఒకసారి వెళ్లి కాఫీ తాగి రమ్మంటాను. ఖరీదు ఎక్కువే. అయితే ఆ కాఫీ తాగుతున్న చోట ఒకప్పుడు ఎస్.ఎస్.వాసన్ జెమినీ స్టూడియో ఉండేది. ఇప్పుడు ఆ ఆనవాలు ఆ ఫ్లైఓవర్ని జనం పిలిచే పేరులోనే ఉంది. వడపళనిలో వాహినీ స్టూడియో స్థలం కూడా అంతే. 1957 నాటి 'మాయాబజార్' తయారైన చోట ఇవాళ ఆసుపత్రి, మాల్, హోటలు ఉన్నాయి. మన ఇళ్లలో మూడు తరాలు నోటికి వల్లించే డైలాగులు అక్కడ పుట్టాయని చెబితే పిల్లలు ఆ మాల్‌ను వేరే కళ్లతో చూస్తారు.

తిండి దగ్గర నాకు పట్టుదల ఎక్కువ. మద్రాసు వెళ్లి ఆంధ్రా మెస్సు వెతుక్కోవద్దు. గోంగూరా, పప్పూ ఇంట్లో ఎప్పుడూ ఉండేవే. పొద్దున్నే ట్రిప్లికేన్ వెళ్లండి. పార్థసారథి స్వామి దర్శనం చేసుకుని రత్నా కేఫ్‌కు నడవండి. 1948 నుంచి ఉన్న హోటలు. ఇడ్లీ ప్లేటు బల్ల మీద పెట్టి, సర్వరు సాంబారు మగ్గుతో వచ్చి ఇడ్లీలు మునిగేదాకా పోస్తాడు. మనవాళ్లు కంగారుపడి చెయ్యి అడ్డం పెడతారు. పెట్టకండి. ఒక్క నిమిషం ఆగితే ఇడ్లీ ఆ సాంబారును పీల్చుకుని అంచుల్లో మెత్తబడుతుంది. అప్పుడు స్పూనుతో తుంచుకుని తినాలి. సాంబారు కాస్త తీపి తగులుతుంది, చిన్నుల్లిపాయల వాసన వస్తుంది. ప్లేటు ఆరిపోతే మళ్లీ పోస్తాడు, లెక్క చూడడు. గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలుకకు మొదట చప్పగా అనిపిస్తుంది. సగం ప్లేటు అయ్యేసరికి ఇష్టపడతాం.

ఇక మ్యూజియం. 1851లో మొదలైన సంస్థ. ఎర్రటి పాత భవనాలు, పక్కనే కన్నెమరా లైబ్రరీ. కంచు విగ్రహాల గదిలో తిరువాలంగాడు నటరాజును చూడకుండా రావద్దు. అయితే మన ఓపికంతా అక్కడే ఖర్చు పెట్టకుండా అమరావతి శిల్పాల గదికి దాచుకోవాలి. కృష్ణా తీరం నుంచి 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ మద్రాసుకు తెప్పించిన రాళ్లు, ఆ తర్వాత వచ్చినవి అక్కడున్నాయి. ఇలియట్ తెచ్చినవాటిలో చాలా భాగం 1859లో లండన్ వెళ్లిపోయింది. అక్కడ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న మన పిల్లలు టవర్ బ్రిడ్జి ముందు దిగిన ఫోటోలు పంపుతారు, ఈ రాళ్ల ముందు కూడా ఒకటి దిగి పంపితే బాగుండును.

ఆ గదిలో అమరావతి పేరు పెద్దది. దాని పక్కన జగ్గయ్యపేట రాళ్లు తక్కువ సంఖ్యలో, నెమ్మదిగా ఉంటాయి. పేట పక్కన గుట్ట మీద, మనం ధనంబోడు అని పిలిచే చోట, పురావస్తు శాఖ అధికారి జేమ్స్ బర్జెస్ 1882లో తవ్వించి పరిశీలించిన స్తూపానివి. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద ఆయన పుస్తకం 1887లో వచ్చింది. ప్రపంచంలో భారతీయ శిల్పం చదువుకునేవాళ్లందరికీ తెలిసిన బొమ్మ ఒకటి ఆ స్తూపం మీదిదే. మాంధాత చక్రవర్తి పలక.

దాని ముందు కనీసం పావుగంట నిలబడాలి. లేత రంగు సున్నపురాయి. లోతుగా చెక్కలేదు. గీత గీసి చుట్టూ కాస్త తొలిచినట్టుంటుంది, క్రీస్తుకు ముందరి నాటి పద్ధతి. మనుషులు పొడుగ్గా, సన్నటి కాళ్లతో ఉంటారు. మధ్యలో రాజు. తలపాగా, బరువైన కుండలాలు. కుడిచెయ్యి పైకెత్తాడు, ఎడమ పిడికిలి గుండెకు ఆనించాడు. తల మీద గొడుగు. ఆ పైన మబ్బు. మబ్బులోంచి నాణేలు రాలుతున్నాయి. పరీక్షగా చూస్తే అవి గుండ్రంగా ఉండవు, నలుచదరంగా ఉంటాయి. ఆనాడు చెలామణీలో ఉన్న ముద్రనాణేల ఆకారమది. శిల్పి తన సంతలో తను చూసిన డబ్బునే ఆకాశం నుంచి కురిపించాడు. రాజు చుట్టూ చక్రం, మణి, ఏనుగు, గుర్రం, రాణి, కోశాధికారి, మంత్రి. చక్రవర్తికి ఉండాలని బౌద్ధులు చెప్పే ఏడు రత్నాలు.

కథేమిటంటే, మాంధాత ఒక చేతిని మరో చేత్తో తాకితే సంపద వానలా కురిసేది. భూమి అంతా ఏలాడు, స్వర్గానికి వెళ్లి ఇంద్రుడితో సగం సింహాసనం పంచుకున్నాడు. అదీ చాలక మొత్తం కావాలని ఆశపడ్డాడు, కిందపడ్డాడు. పలక మీద ఆ పతనం లేదు. వాన కురిసే ఘడియ మాత్రమే ఉంది.

మా చిన్నాన్నను ఒకసారి ఆ పలక దగ్గరకు తీసుకెళ్లాను. చదువు పెద్దగా లేని మనిషి, జీవితమంతా మిరప, పత్తి వేసి బతికినవాడు. నేను రాజు గురించి చెబుతుంటే ఆయన చూపు మాత్రం పైనున్న మబ్బు మీదే ఉంది. చాలాసేపటికి, "మబ్బులోంచి డబ్బులు పడతన్నయ్ కదరా అబ్బాయ్. మెట్టోడికి వానంటే ఇదే" అన్నాడు. ఆ పలక మీద నేను చదివిన వ్యాఖ్యానాలన్నిటి కంటే ఆ మాట నాకు దగ్గరగా అనిపించింది. చెక్కినవాడు కూడా వాన కోసం ఎదురుచూసే ఈ నేల మీదే ఉలి పట్టాడు.

మరొకటి కూడా తెలుసుకుని వెళ్లాలి. ఆ స్తూపం దగ్గరి ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో రాజ్యసంవత్సరపు శాసనం ఉంది. మూడో శతాబ్దం నాటిది. కమ్మకరాఠం అనే ప్రాంతంలోని నడతూరు వాడైన సిద్ధత్థుడనే శిల్పకారుడు వేలగిరి మహాచైత్యం, అంటే ఈ స్తూపం, తూర్పు వాకిట ఐదు స్తంభాలు నిలబెట్టాడని అది చెబుతుంది. తన తండ్రి పేరు, ఇంటివాళ్ల ప్రస్తావన కూడా చేర్చుకున్నాడు. రాజూ మంత్రీ కాదు, చేతిపని చేసుకుని బతికే మనిషి తన సంపాదనతో చేసిన దానం. మన ప్రాంతంలో సిమెంటు కోసం కొండలు కొండలు సున్నపురాయిని ఫ్యాక్టరీలు పొడి చేస్తున్నాయి. దానివల్ల ఉద్యోగాలొచ్చాయి, కాదనను. ఆ రాయితోనే ఇంత పని చేసినవాళ్లు మనకు ముందు ఇక్కడ బతికారని మన పిల్లలకు తెలియకపోవడమే నా బాధ.

మ్యూజియం తర్వాత రెండో రోజుకు ఎక్కువ పెట్టుకోవద్దు. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం ఉంది. 1952 అక్టోబరు 19న బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం వదిలింది అక్కడే. యాత్రల బస్సులు ఆ వీధిలో ఆగడం నేను చూడలేదు. తెలుగువాళ్లమై ఉండి చెప్పులు విడిచి ఐదు నిమిషాలు నిలబడకపోతే ఎలా? అక్కడి నుంచి టి.నగర్ వెళ్లి చీరలు కొనుక్కోండి, ఎవరూ వద్దనరు. ఆ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువాడని, పనగల్ పార్కు పనగల్లు రాజా రామరాయణింగారి పేరు మీదిదని, ఆయన 1921 నుంచి 1926 వరకు మద్రాసు ముఖ్యమంత్రి అని బేరమాడుతూనే పిల్లలకు చెప్పవచ్చు.

చెన్నపట్నం పేరు కూడా అంతే. 1639లో ఇంగ్లీషు వాళ్లకు ఆ ఇసుక నేల ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడి తండ్రి చెన్నప్ప మీదుగా వచ్చిందంటారు. మన బేతవోలుకు తండ్రి జగ్గన్న పేరు పెట్టి జగ్గయ్యపేట చేసిన వాసిరెడ్డి జమీందారు పేరూ వెంకటాద్రే. అమరావతిలో ఆయన ఊరు కట్టించేటప్పుడే పాత దిబ్బలోంచి శిల్పాలు బయటపడి, 1797లో కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ దాకా కబురు వెళ్లింది. ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. బస్సు కిటికీలోంచి ఈ ముడులు కనిపించవు.

జగ్గయ్యపేట, నందిగామ బడుల మాస్టార్లకు నాదొక మనవి. విహారయాత్రకు పిల్లల్ని మద్రాసు తీసుకెళ్తే బీచ్‌కు సాయంత్రం కేటాయించి, పొద్దుటి పూట మ్యూజియానికి ఇవ్వండి. బయలుదేరే ముందు ఒక ఆదివారం ధనంబోడు ఎక్కించండి. ఖాళీ అయిన స్తూపం అడుగును చూసిన పిల్లవాడికి ఎగ్మూరులో దాని పలక ఎదురైతే ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. నీళ్ల సీసా, నోటు పుస్తకం తీసుకెళ్లండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు మ్యూజియానికి సెలవు.