రెండు పాటల నడుమ నిలబడేవాడే డీజే

మంచి డీజే చేతిపనిని దగ్గర నుంచి చూసినవారెవరూ ఆ విద్యను మళ్లీ తేలిగ్గా మాట్లాడరు. ఒక పాట మోగుతూ ఉంటుంది, జనం ఊగుతూ ఉంటారు. అతను హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించి, రెండో చెవిని హాలుకు వదిలేసి, ఇంకా ఎవరికీ వినపడని రెండో పాటను సిద్ధం చేసుకుంటూ ఉంటాడు. దాని వేగాన్ని వెంట్రుకవాసి సరిచేస్తాడు. చరణం ముగిసి దరువు మళ్లీ మొదలయ్యే చోట వదులుతాడు. కాసేపు రెండు పాటలూ జంటగా నడుస్తాయి. పాతదాని బేస్ తగ్గుతుంది, అదే క్షణంలో కొత్తదాని బేస్ లేస్తుంది. పాట ఎక్కడ మారిందో ఎవరికీ తెలియదు, ఒక్క కాలూ ఆగదు. ఇంత పని జరిగిందని కూడా తెలియనివ్వకపోవడమే అతని గొప్పతనం.

ఈ విద్య న్యూయార్క్ బ్రాంక్స్‌లో, పేదల వీధుల్లో పెరిగింది. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు భవనంలో, జమైకాలో పుట్టిన కూల్ హర్క్ తన చెల్లెలు పెట్టిన పార్టీలో పాటలు వేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా లోకం ఆ తేదీనే చెప్పుకుంటుంది. పాట మొత్తంలో డ్రమ్స్ ఒంటరిగా మోగే ఆ కొద్ది క్షణాల కోసమే కుర్రాళ్లు కాచుకుని ఉంటారని హర్క్ గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు తెచ్చి, ఒకదాని మీద ఆ ముక్క అయిపోగానే రెండోదాని మీద అదే ముక్క ఎత్తుకుని సాగదీశాడు. ఆ ఆలోచనకు లెక్క నేర్పినవాడు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. ఎలక్ట్రానిక్స్ చదువుకున్న కుర్రాడు. రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, ఎన్ని చుట్లు వెనక్కి తిప్పితే ముక్క మొదటికి వస్తుందో కంటితోనే కొలిచేవాడు. హాలుకు వినిపించక ముందే పాట తన చెవిలో పడేలా స్విచ్ తనే అమర్చుకున్నాడు. ఈరోజు మిక్సర్ల మీద ఉండే హెడ్‌ఫోన్ క్యూ మీట చేసే పని అదే. 1981లో ఫ్లాష్ టర్న్‌టేబుళ్ల మీద కట్టిన ఏడు నిమిషాల రికార్డు ఇప్పటికీ విద్యార్థికి మొదటి పాఠమే. రికార్డును చేత్తో ముందుకూ వెనక్కూ జరిపి చప్పుడు పుట్టించే స్క్రాచ్‌ను కనిపెట్టిన ఘనత గ్రాండ్ విజార్డ్ థియోడోర్‌ది. వాళ్లమ్మ సౌండ్ తగ్గించమని తలుపు కొడితే చేత్తో రికార్డు ఆపబోయి ఆ చప్పుడు విన్నాడని చెబుతారు.

ఆ తరువాత వచ్చిన చేతుల గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. మాంట్రియల్ కుర్రాడు ఏ-ట్రాక్ 1997లో 15 ఏళ్ల వయసుకే డీజేల డీఎంసీ ప్రపంచ పోటీ గెలిచాడు. డీజే క్రేజ్ 1998, 1999, 2000 వరుసగా మూడేళ్లు అదే కిరీటాన్ని ఎవరికీ ఇవ్వలేదు. క్యూబర్ట్ క్రాబ్ స్క్రాచ్ చేస్తే, బొటనవేలు ఒకవైపు ఆనించి నాలుగు వేళ్లూ వరసగా క్రాస్‌ఫేడర్‌ను, అంటే ఒక పాటను మూసి రెండోదాన్ని తెరిచే మీటను, మీటుతుంటే, ఒక్క చేతి కదలికలో నాలుగు ముక్కలు వినపడతాయి. డెట్రాయిట్ జెఫ్ మిల్స్ మూడు డెక్కుల మీద, పక్కన రోలాండ్ 909 డ్రమ్ మెషీన్ పెట్టుకుని, పాటను నిమిషం కూడా నిలవనివ్వకుండా నడిపిస్తాడు. నన్నడిగితే బతికున్నవాళ్లలో ఆయనను మించిన చెవి లేదు.

ఈ మహానుభావుల్లో చాలామందిని మోసింది 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్. బెల్టు లేకుండా మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పుతుంది కాబట్టి చెయ్యి తీయగానే వేగం అందుకుంటుంది. 1979 నాటి రెండో నమూనాలో పొడుగాటి పిచ్ స్లైడర్ వచ్చింది. వేగాన్ని 8 శాతం పెంచుకోవచ్చు, అంతే తగ్గించుకోవచ్చు. 2010లో తయారీ ఆపేశారు. అభిమానులు ఊరుకోలేదు, 2016లో మళ్లీ మొదలైంది.

డిజిటల్ ఈ పరంపరను తెంచలేదు, కొనసాగించింది. 2001లో పయొనీర్ సీడీజే-1000 వచ్చి, సీడీని కూడా రికార్డులా చేత్తో తిప్పనిచ్చింది. 2004లో న్యూజీలాండ్ సంస్థ సెరాటో, రేన్‌తో కలిసి స్క్రాచ్ లైవ్ తెచ్చింది. దాని రికార్డు మీద పాట ఉండదు, ఒక సంకేత నాదం మాత్రమే ఉంటుంది. ముల్లు ఆ నాదాన్ని చదివితే, పళ్లెం ఎంత వేగంతో, ఎటువైపు, ఎక్కడ తిరుగుతోందో కంప్యూటర్‌కు తెలిసిపోతుంది. హార్డ్ డిస్కులోని పాట అదే కదలికకు లోబడుతుంది. పెట్టెలకొద్దీ రికార్డుల బరువు తగ్గింది, చేతిపని చెక్కుచెదరలేదు.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి కంట్రోలర్ చాలు. రికార్డులా చేత్తో తిప్పే రెండు జాగ్ వీల్స్, నడుమ మిక్సర్, వెనక సౌండ్ కార్డు, అన్నీ ఒకే పలకలో వస్తాయి. ఒక ల్యాప్‌టాప్ తోడైతే పని మొదలవుతుంది. పయొనీర్ డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4, న్యూమార్క్ మిక్స్‌ట్రాక్, హెర్క్యులిస్ ఇన్‌పల్స్ రకాల్లో ఏది కొన్నా నేర్చుకోవడానికి లోటుండదు. అంతకంటే ఖరీదైనది మొదటి ఏడాదే కొంటానంటే నేను ఒప్పుకోను. ఆ డబ్బు హెడ్‌ఫోన్‌కూ పాటలకూ పెట్టండి.

కొనేముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. సౌండ్ కార్డులో రెండు వేరువేరు స్టీరియో అవుట్‌పుట్‌లు ఉండాలి, ఒకటి హాలుకు, ఒకటి హెడ్‌ఫోన్‌కు. ఆ రెండోది లేని పలకను ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి, దాని మీద ఈ విద్య రాదు. టెంపో స్లైడర్ ఎంత పొడుగుంటే అంత సన్నగా వేగం సర్దుకోవచ్చు. మన పెళ్లిళ్లలో మైకు తప్పదు కనుక దానికి వేరే వాల్యూమ్ మీట ఉందో లేదో చూసుకోండి. హాళ్లలో వాయించాలనుకుంటే ఎక్స్ఎల్ఆర్ అవుట్‌పుట్ ఉన్నది మేలు, పొడవాటి కేబుల్ వేసినా గుర్రుమనే మోత రాదు. సెకండ్ హ్యాండ్ కొనడంలో నామోషీ ఏమీ లేదు. పాట వేసి క్రాస్‌ఫేడర్‌ను ఆ చివరికి నెట్టండి. మూసిన వైపు నుంచి శబ్దం కారుతోందా, నడుమ చిటపటలు వస్తున్నాయా వినండి. వస్తే ఫేడర్ అరిగినట్టే.

హెడ్‌ఫోన్ వెనక మూసి ఉండి, బయటి శబ్దాన్ని అడ్డుకునే రకం కావాలి. సెన్‌హైజర్ హెచ్‌డీ 25 మూడు దశాబ్దాలుగా డీజేల మెడలోంచి దిగలేదంటే ఊరికే కాదు. తేలిగ్గా ఉంటుంది, ఒక కప్పు వెనక్కి తిరుగుతుంది, పాడైన భాగం ఒక్కటే మార్చుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్ విషయంలో నా పక్షపాతం దాచుకోను. చెయ్యి పాటను తాకినట్టే ఉండాలనుకునేవారికి సెరాటోను మించింది లేదు. నాలుగు డెక్కులూ ఎఫెక్టులూ ఇష్టమైతే బెర్లిన్ వాళ్ల ట్రాక్టర్ ఉంది. క్లబ్బుల్లో ఎక్కువగా సీడీజేలే కనపడతాయి కాబట్టి రెకార్డ్‌బాక్స్‌తో పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకోవడం మాత్రం అందరికీ రావాలి. చేతిలో డబ్బు లేనివారు మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టవచ్చు. దొంగ కాపీలు వాడి నడిపందిట్లో స్క్రీన్ నల్లబడితే దిక్కెవరు?

పాటలు కొనుక్కోండి. 320 కేబీపీఎస్ ఎంపీ3కి తక్కువైనది పెద్ద బాక్సుల మీద వేయకండి. యూట్యూబ్ నుంచి లాగిన పాట ఇంట్లో బాగానే వినపడుతుంది. హాల్లో తాళాల మోత నీళ్లలో మునిగినట్టు అయిపోతుంది, బేస్ బురదవుతుంది.

ఇక సాధన. మొదటి నెల ఒకే పాటను రెండు డెక్కుల్లోనూ వేయండి. స్క్రీన్ మీద నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పే బీపీఎం అంకె కనపడకుండా కాగితం అతికించండి. రెండు పాటల వేగాన్ని తానే కలిపేసే సింక్ బటన్ జోలికి పోకండి. ఒక డెక్కు వేగం కాస్త మార్చి, రెండోదాన్ని చెవితో పట్టుకోండి. దరువులు తప్పితే గుర్రం పరుగెత్తినట్టు రెండేసి దెబ్బలు వినపడతాయి. దగ్గరవుతున్న కొద్దీ ఆ రెండూ ఒకటవుతాయి. సరిగ్గా కలిసినప్పుడు పాట లోపల బోలుగా, గాలి వీచినట్టు ఒక వింత నాదం వస్తుంది. ఆ నాదం ఒకసారి చెవిన పడ్డవాడు దాన్ని జీవితంలో మరిచిపోడు. తరువాత లెక్క. క్లబ్ పాటలు ఎక్కువగా నాలుగేసి దెబ్బలు, ఎనిమిది ఆవర్తాలు, మొత్తం 32 దెబ్బల కట్టుతో నడుస్తాయి. ఆ కట్టు మొదటి దెబ్బ మీదే కొత్త పాట రావాలి. రెండు బేసులు ఒకేసారి తెరవకూడదు. మీటరు ఎర్రగీత తాకకూడదు. స్క్రాచ్ అంటే మోజున్నవారు బేబీ స్క్రాచ్‌తో మొదలుపెట్టి, ఫేడర్ ముట్టుకోకుండా ముందు చెయ్యి నడక కుదుర్చుకోవాలి.

సింక్ బటన్ ఉండగా ఈ కష్టమెందుకని అడుగుతారు. మన పాటలే జవాబు చెబుతాయి. ఆ యంత్రాల లెక్క నాలుగు దెబ్బల నడకకు రాసింది. మన తీన్మార్, మన జానపదాల్లో చాలా భాగం మూడేసి దెబ్బల నడక. నిమిషానికి నూరు అడుగులతో నడిచే డప్పు పాటను సాఫ్ట్‌వేర్ తడబడి 150 అని రాసుకుంటుంది. దాన్ని నమ్మి సింక్ నొక్కితే పందిరి మొత్తం తడబడుతుంది. చక్రవర్తి, ఇళయరాజా నాటి సినిమా పాటల సంగతి ఇంకో రకం. స్టూడియోలో మనుషులంతా కలిసి వాయించిన పాటలవి. చరణంలోకి వెళ్లేసరికి వేగం ఇంత పెరుగుతుంది, పల్లవికి ఇంత తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ దెబ్బలకు గీసే సమాన గీతల గ్రిడ్ వాటి మీద నిలవదు. వాటితో నడవాలంటే జాగ్ వీల్ అంచు మీద వేలు పెట్టి, పాట ఊపిరిని వింటూ, ముందుకో వెనక్కో నెడుతూ ఉండాలి.

వరంగల్ వైపు ఒక పెళ్లిలో అలాంటి చెయ్యి చూశాను. పాత కంట్రోలర్, ఒక మీటకు టోపీ కూడా లేదు. నాలుగు దెబ్బల హౌస్ పాట నుంచి తీన్మార్‌లోకి దిగాలి. ఆ కుర్రాడు ముందు హౌస్ పాటను ఒక్క కిక్ దెబ్బ వరకు లూప్ చేశాడు. పై శబ్దాలన్నీ కోసేశాడు. పందిట్లో ఆ ఒక్క దెబ్బే మిగిలింది. హెడ్‌ఫోన్‌లో డప్పును ఆ దెబ్బ పక్కన పెట్టి, వేగం సర్ది, మెల్లగా తెరిచాడు. రెండు ఆవర్తాల పాటు అడుగు దెబ్బ పాతది, పైన మూడేసి నడక కొత్తది. జనం కాళ్లు తమకు తెలియకుండానే నడక మార్చుకున్నాయి. అప్పుడు క్రాస్‌ఫేడర్‌ను ఒక్క తోపు తోసి కిక్ తీసేశాడు. పందిరి లేచిపోయింది! ఆ సమయంలో అతని చూపు స్క్రీన్ మీద లేదు, ఆడేవాళ్ల పాదాల మీద ఉంది. ఈ చేతిపనికి ఏ పోటీలోనైనా బహుమతి వస్తుంది.

అలాంటి కుర్రాళ్ల నోటి దగ్గర కూడు ఎవరు లాగేస్తున్నారో చెప్పకపోతే నా కోపం చల్లారదు. లారీ మీద ఇరవై బాక్సులు పేర్చి, పెన్‌డ్రైవ్‌లో ఎవరో చేసిన నాన్‌స్టాప్ ఒకటి పెట్టి, పైన నిలబడి చేతులూపేవాడికి డీజే అని బోర్డు కడుతున్నారు. తిప్పే మీట ఏ తీగకూ తగిలి ఉండదు. పది ఊళ్లలో పది పెళ్లిళ్లు, ఒకటే ఫైలు. ప్రతి జానపదానికీ అదే కిక్, అదే సైరన్, మధ్యలో చేసినవాడి పేరు అరుపు. పాట పాడిన గొంతుకు పైసా పోదు, ఊరేగింపు ముందు నడవాల్సిన డప్పు కళాకారుడికి పిలుపే రాదు.

ఇక మోత. 100 డెసిబెల్స్ మోత దగ్గర పావుగంట దాటితే చెవికి ముప్పేనని వైద్యపరంగా పెట్టిన హద్దు. ఈ లారీల ముందు చంటిపిల్లలను భుజాన ఎత్తుకుని గంటలు నడుస్తున్నాం. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఏనాడో చెప్పాయి. ఎవరూ వినలేదు. చివరకు 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. ఆ నిషేధాన్ని నేను తప్పుపట్టను. మోత పెట్టినవాళ్లే దాన్ని తెచ్చుకున్నారు. ఫ్లాష్ గీసిన క్రేయాన్ గీతకూ ఈ లారీకీ ఏ చుట్టరికమూ లేదు. మచ్చ మాత్రం విద్య నేర్చినవాడికి అంటింది.

కాబట్టి శుభకార్యం చేసే పెద్దలకు నా మనవి. బాక్సుల సంఖ్య అడిగి బేరం చేయకండి. రెండు పాటలు ఇచ్చి, మా ముందు కలిపి చూపించు బాబూ అని అడగండి. కలిపినవాడికి అడిగినంత ఇవ్వండి. అతనితో పాటు ఇద్దరు డప్పు కళాకారులను పిలవండి. వాళ్ల దరువు మీద అతను పాట ఎక్కిస్తే ఆ పెళ్లి ఊరికి గుర్తుండిపోతుంది. కళాశాలల వారికి ఇంకో మనవి. వార్షికోత్సవానికి లక్షలు పోసి చేతులూపేవాడిని తెచ్చే బదులు, డీఎంసీ వాళ్లలాగే ఆరు నిమిషాల పోటీ పెట్టండి. ఒక కంట్రోలర్, రెండు ఛానళ్లు, సింక్ బటన్ మీద టేపు, తప్పనిసరిగా ఒక తీన్మార్ పాట. పిల్లలు గదుల్లో తలుపులేసుకుని ఏం సాధించారో అప్పుడు బయటపడుతుంది. మన దరువును ప్రపంచ వేదిక మీదికి మోసుకెళ్లే చెయ్యి ఆ పోటీల్లోనే దొరుకుతుందని నా గట్టి నమ్మకం.