వెలుతురు ఎవరి పక్షం?

"ఛాయాగ్రహణం కన్నులపండువుగా ఉంది" అన్న ఒక్క వాక్యంతో కెమెరా మాట ముగించడం మన సినిమా సమీక్షకులకు అలవాటు. కవిత్వంలో శిల్పాన్ని వస్తువు నుంచి వేరు చేయరాదని వాదించే మనం సినిమా దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం మరచిపోతాం. కెమెరా ఎవరిని, ఏ చూపుతో చూస్తున్నదన్నది దృక్పథానికి సంబంధించిన ప్రశ్న. ఛాయాగ్రాహకుడే దర్శకుడైన బాలూమహేంద్ర విషయంలో దీన్ని దాటవేయలేం.

శ్రీలంకలో పుట్టి పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన ఆయన 'తరం మారింది' (1977), 'మనవూరి పాండవులు' (1978), 'శంకరాభరణం' (1980) చిత్రాలతో తెలుగు తెరకు సహజమైన వెలుతురు తెచ్చారు. మన గోదావరి తీరపు పల్లెలు 'శంకరాభరణం'లో రంగు పూసిన అట్టల్లా కాక, ఊళ్ళలాగే కనిపించాయి. 1977లో కన్నడ 'కోకిల'తో దర్శకుడయ్యారు. ఆ చిత్రానికీ, మనం 'వసంత కోకిల'గా చూసిన తమిళ చిత్రానికీ ఛాయాగ్రహణంలో జాతీయ బహుమతులు పొందారు.

తెలుగులో ఆయన తీసిన 'నిరీక్షణ' చూడండి. పోలీసులు ఎవరినో అనుకుని ఒక అమాయకుణ్ణి పట్టుకుపోతారు. అతని జీవితం జైలు పాలవుతుంది. ఎంత పదునైన వస్తువు! కాని కెమెరా మనసు అడవి అందం మీదా, గిరిజన యువతి తులసి రూపం మీదా నిలిచింది. ఆమె బతుకు తెరువేమిటో, అడవిపై ఆమెవారి హక్కేమిటో చూపలేదు. ప్రేమకథలో ఇవన్నీ ఎందుకంటారేమో. లాకప్పును కథలోకి తెచ్చినవాడు దర్శకుడే. అడిగే హక్కు అక్కడే మనకు వచ్చింది. అన్యాయం విరహానికి సాకుగా మిగిలింది.

తర్వాత వచ్చిన తమిళ 'వీడు' (1988)లో అదే అర్చన, అదే సహజమైన వెలుతురు. కాని ఇక్కడ చూపు మారింది. మద్రాసులో చిన్న ఇల్లు కట్టుకోబోయిన ఉద్యోగిని అప్పుల మధ్య, అనుమతుల మధ్య నలిగిపోతుంది. కంట్రాక్టరు మోసాన్ని బయటపెట్టేది మంగమ్మ అనే కూలిమనిషి. 'నిరీక్షణ'లో శ్రమజీవి స్త్రీ చూడబడింది. 'వీడు'లో ఆమె చూసింది, మాట్లాడింది. పాటలు లేవు. సగం లేచిన గోడల మీద పడిన ఎండ అలంకారం కాలేదు, సాక్ష్యమైంది.

'వీడు'కూ, తర్వాత తెలుగు 'దాసి'కీ అర్చనకు జాతీయ ఉత్తమ నటి బహుమతులు వచ్చాయి. నటి ఒకరే, ఆమెను నిలబెట్టిన సామాజిక భూమి వేరు.

2014లో కన్నుమూసిన బాలూమహేంద్ర నైపుణ్యాన్ని ఎవరూ కాదనరు. అయితే ఆ నైపుణ్యం 'నిరీక్షణ'లోనూ ఉంది, 'వీడు'లోనూ ఉంది. రెంటినీ వేరు చేసింది దృక్పథమే. కెమెరా పనితనాన్ని మెచ్చుకునేముందు, ఆ వెలుతురులో ఎవరి బతుకు కనిపించిందని అడగడం విమర్శకుని కనీస ధర్మం.