వేంగి వరాహం

రెండున్నర వేల ఏళ్ల కిందట పర్షియాలో బొటనవేలంత రాయి మీద యుద్ధమే చెక్కేవారు. పర్షియన్ వీరులు శకులతో తలపడే ముద్రలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. అంత గట్టి రాతిని లోహపు మొన ఒక్కటే కోయలేదు. మొనకు రాపిడి పొడి అద్ది, తిప్పుతూ కొద్దికొద్దిగా అరగదీయాలి. బొమ్మ లోపలికి దిగాలి, అదీ తిరగేసి. కుడిచేతి బల్లెం రాతిలో ఎడమచేతికి ఇవ్వాలి. తడిమట్టి మీద ఒత్తినప్పుడే అది సరైన చేతికి వస్తుంది. ఈ పనితనం ముందు చేతులు జోడించాల్సిందే.

ఏలూరు పక్కన పెదవేగి ఒకప్పటి వేంగి. వేంగి చాళుక్యుల రాగిశాసనాలకు ఉన్న ముద్రలూ నాకు అంతే ఇష్టం. రేకులకు చిల్లు పొడిచి, కడియం గుచ్చి, దాని కొసలు కలిసేచోట ముద్ర బిగించేవారు. కడియం తెంచకుండా రేకు మార్చడం కుదరదు. ఆ చిన్న గుండ్రంలో వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, అడుగున పద్మం, నడుమ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలు పైకి తేలి కనిపిస్తాయి. యుద్ధం మాత్రం ఎక్కడా లేదు.

అలాగని ఆ వంశానికి యుద్ధం తెలియక కాదు. వాళ్ల రాజ్యం మొదలైందే యుద్ధంతో. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో కవి రవికీర్తి చాళుక్య రాజు రెండో పులకేశి విజయాలు వర్ణిస్తూ, కునాల సరస్సు నీరు నెత్తుటితో ఎర్రబడిందన్నాడు. ఆ కునాల మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. ఆ గెలుపు తర్వాతే పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు ఈ గడ్డను ఏలాడు.

అంత నెత్తురు చూసిన వంశం ముద్ర మీద వేయించుకున్నది మాత్రం నీళ్లలోంచి భూమిని ఎత్తిన వరాహాన్ని. ఆ రేకుల మీద రాసింది ఊళ్లూ పొలాలూ దానమిచ్చిన సంగతే కదా! భూమి పత్రానికి అంతకన్నా తగిన గుర్తు ఏముంటుంది? పర్షియా పనివాడి నేర్పు గొప్పదే. వేంగి ముద్రలోని ఔచిత్యం నాకు ఇంకా గొప్పగా తోస్తుంది.

పొలం దున్నుతున్నప్పుడో చెరువు తవ్వుతున్నప్పుడో రాగిరేకులు బయటపడితే దయచేసి పాత సామాన్లకు వేయకండి, కడియం కోయకండి, తోమకండి. తహసీల్దారుకో పురావస్తు శాఖకో కబురు చేయండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం అలాంటివి దొరికితే కలెక్టరుకు తెలియజేయడం మన బాధ్యత కూడా.