కత్తిపీట మీద నీడ

మంగళవారం సాయంత్రం రాజోలులో పని చూసుకుని వచ్చేసరికి మా ఇల్లు నాకే కొత్తగా కనబడింది. రొయ్యల చెరువు గట్ల మీద రాత్రి కాపలాకి లైట్లు వేస్తారే, అలా వెలిగిపోతోంది. వసారా, ముందుగది, పడకగది, వంటిల్లు, అన్నిచోట్లా ఒకటే తెలుపు. గుమ్మం దగ్గర స్టూలెక్కి చివరి బల్బు బిగిస్తున్న కరెంటబ్బాయి నన్ను చూసి, "పసుపువన్నీ పీకేశానండి. ఇప్పుడు పట్టపగల్లా ఉంటాది. ఆయ్!" అన్నాడు. మార్చమని చెప్పింది అమ్మేనట.

ఈ కాలమ్ చదివే పాతవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, తెల్లదీపమంటే నాకు పడదు. ట్యూబులైటును తిట్టి రెండుసార్లు రాశాను. సున్నా బల్బును పొగిడి ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. "మీ చీకటి మీరుంచుకోండి, మా చూపు మాకుండనివ్వండి" అని లక్కవరం నుంచి ఒక పెద్దాయన ఉత్తరం కూడా రాశారు. ఆయనకి ఇవాళ సగం జవాబు చెబుతాను.

అసలు ఈ చలికాలపు రోజుల్లోనే దీపం సంగతి మనసుకి తడుతుంది. మన కోనసీమలో పొద్దు తగ్గేది రెండు గంటలే. జూన్‌లో 13 గంటల పైచిలుకు పగలుంటే డిసెంబరులో 11 గంటలుంటుంది. కానీ కొబ్బరితోటలో ఇల్లున్నవాడికి ఆ లెక్క చాలదు. సూర్యుడు ఊరికి అస్తమించకముందే తోటకి అస్తమిస్తాడు. డిసెంబరు 21న అన్నిటికన్నా ముందు చీకటిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. మనకి అన్నిటికన్నా తొందరగా పొద్దుగూకేది నవంబరు చివర్లో, ఐదున్నర కాకుండానే. డిసెంబరు 21 నాటికి సాయంత్రం దాదాపు ఏడు నిమిషాలు సాగి ఉంటుంది. అప్పట్నుంచి మనల్ని పట్టుకునేది తెల్లవారుజాము చీకటి. ధనుర్మాసంలో గుడి మైకు మోగుతున్నా, మంచులో ఎదురింటి మీద క్రిస్మస్ నక్షత్రం ఒక్కటే కనబడుతుంది, ఇల్లు కనబడదు.

మా మేనకోడలు స్టాక్‌హోమ్‌లో ఉంటుంది. "మావయ్యా, ఇక్కడ మూడు కాకుండానే చీకటి" అని ఫోన్లో వాపోయింది. అక్కడివాళ్ళు డిసెంబరంతా కిటికీల్లో ఏడు కొవ్వొత్తుల దీపపు సెమ్మెలు పెడతారట. గది నడినెత్తిన పెద్ద లైటు వేయరు, మూలమూలకీ చిన్న దీపాలుంచుతారు. చలికాలపు దిగులుకి 1984లో నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ అమెరికాలో జబ్బుగా పేరు పెట్టారు. పొద్దున్నే 10,000 లక్స్ దీపం ముందు అరగంట కూర్చోబెట్టడం దానికో వైద్యం. మనకి ఆ యంత్రంతో పనిలేదు. మంచు విడిచాక అరుగు మీద ఎండపొడలో కూర్చుంటే అంతకు ఎన్నో రెట్లు వెలుగు, బిల్లు లేకుండా.

చూశారా, పొద్దున తెలుపు, రాత్రి పసుపు. ప్రకృతి నా పక్షమే! తెల్ల ఎల్‌ఈడీ లోపలుండేది నిజానికి నీలం దీపం. దాని మీద పసుపు పూత పూస్తే మన కంటికి తెల్లగా కనబడుతుంది. ఆ నీలాన్ని సాధించినందుకు జపాన్‌లో పుట్టిన ముగ్గురికి 2014లో నోబెల్ వచ్చింది. వాళ్ళమీద నాకు కోపం లేదు. కానీ పొద్దుపోయాక ఆ నీలం కంట్లో ఎక్కువ పడితే నిద్ర వెనకబడుతుంది.

రాత్రి పగలైతే ఏమవుతుందో కోనసీమవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8, ఆదివారం. సంక్రాంతికి వారం లేదు. పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ 19వ నంబరు గ్యాసు బావి అంటుకుంది. మార్చి 15న గాని ఆరలేదు. రెండు నెలలకి పైగా. మా డాబా ఎక్కితే ఈశాన్యం మూల ఆకాశం తెల్లారబోతున్నట్టు ఎర్రగా ఉండేది, ఎంతకీ తెల్లారేది కాదు. ఒక రాత్రి కుర్రతనంకొద్దీ సైకిలేసుకుని తాటిపాక దాటాను. చంద్రుడు లేడు, వీధిలైటు లేదు. నా నీడ మాత్రం నా వెనకే తారురోడ్డు మీద పొడుగ్గా వస్తోంది. వెనక్కి తిరిగి ఇంటికొచ్చి పడుకున్నాను. అటువైపు ఊళ్ళో ఉండే మా పెద్దత్త మూటాముల్లె సర్దుకుని మా ఇంటికొచ్చేసింది. "కోళ్ళు గంప కిందికి రావట్లేదురా, అవి రాత్రి అంటే ఏమిటో మర్చిపోయాయి" అంది. ఆ రాత్రి మా వెనక గదిలో తలుపులు, కిటికీలు బిగించి లైటు తీసేస్తే, "అమ్మయ్య, చీకటి!" అంటూ నిద్రపోయింది. పొద్దెక్కినా లేవలేదు.

దేవుడు తూకం సరిచేస్తున్నట్టు, 22 నెలలకి రెండో విపత్తు వచ్చింది, ఈసారి చీకటితో. 1996 నవంబరు 6 తుపాను. దీపావళికి నాలుగు రోజుల ముందు. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే తోటలన్నీ ఒకే వైపుకి దువ్విన జుట్టులా పడుకున్నాయి. స్తంభాలూ అంతే. దీపావళి అమావాస్య నాడు మా వీధిలో ఒక్క మతాబా వెలగలేదు. కార్తీకమంతా మాకు కరెంటు లేదు.

ఆ నెల గురించి ఈ కాలమ్‌లో నేను ఎంత తియ్యగా రాసుకున్నానో మీకు గుర్తుండే ఉంటుంది. పొద్దుగూకేవేళకి బూడిదతో తుడిచిపెట్టిన లాంతరు చిమ్నీ, సమంగా కత్తిరించిన ఒత్తి, కిరసనాయిలు వాసన. అరుగు మీద నాన్నగారి చుట్టూ నలుగురు చేరి కబుర్లు. లోపల నేను, నా పరీక్షల పుస్తకం, బల్ల మీద గుండ్రంగా పసుపు వెలుగు. అంత ప్రశాంతంగా నేను మళ్ళీ ఎప్పుడూ చదవలేదు. నా పసుపు పిచ్చికి పునాది ఆ కార్తీకమే.

బుధవారం రాత్రి అమ్మ పక్కన కూర్చుని ఇదంతా ఏకరువు పెట్టాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"ఎంత హాయిగా ఉండేదమ్మా ఆ లాంతరు!" అన్నాను.

తలెత్తకుండానే అంది: "లాంతర్లు రెండే కదరా. ఒకటి మీ నాన్నగారికి, ఒకటి నీకు."

"మరి నీకు?"

"బుడ్డి. పొయ్యి దగ్గర పెడితే కత్తిపీట కనబడదు, కత్తిపీట దగ్గర పెడితే కూర మాడుతుంది. ఓ రాత్రి అన్నంలో పురుగొచ్చిందని మీ నాన్నగారు కంచం తోసేశారు. నువ్వు పక్కనే ఉన్నావు, గుర్తులేదూ?"

లేదు. చిమ్నీ మెరుపు గుర్తుంది. దాన్ని తుడిచిందెవరో ఎప్పుడూ ఆలోచించలేదు.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ రోజూ నిలబడే చోట, గట్టుకెదురుగా నిలబడ్డాను. బల్బు నా వెనక, గుమ్మం పైన ఉంది. గట్టు మీద చెయ్యి చాపితే కూర తరిగే చోట సరిగ్గా నా నీడ. ఇల్లంతా ఒకే రంగుండాలని నిరుడు ఆ హోల్డరులో పసుపు బల్బు పెట్టింది నేనే. శుక్లాల ఆపరేషనైన అమ్మ ఏడాదిపాటు ఆ నీడలోనే బియ్యంలో రాళ్ళేరింది. ఇప్పుడు తెల్లది పెట్టించుకుంది. కానీ వెలుగు పెరిగిందే తప్ప నీడ కదల్లేదు.

ఇన్నేళ్ళుగా నేను చేసింది తెలుపు, పసుపుల వ్యాజ్యం. అసలు కేసు అది కాదు. మన ఇళ్ళల్లో దీపం కూర్చున్నవాళ్ళ కోసం పెడతాం, పనిచేసేవాళ్ళు ఆ మిగులులో సర్దుకుంటారు. దీపాలవల్ల ఇంట్లో అందరి మనసూ బాగుందని మనం మురిసిపోయేది చాలాసార్లు కుర్చీలో ఉన్నవాడి మనసు గురించే. లాంతరు కార్తీకం నాకు హాయి. అదే కార్తీకం, అదే ఇంట్లో, అమ్మకి మాడిన కూర, తోసేసిన కంచం.

గురువారం కరెంటబ్బాయిని మళ్ళీ పిలిచాను. గట్టు పైన అలమార అడుగున రెండడుగుల తెల్లట్యూబు పెట్టించాను, వెలుగు ముందునుంచి చేతుల మీద పడేలా. ముందుగదిలో, పడకగదిలో పసుపువే మళ్ళీ పెట్టాం. దానికి అమ్మ అడ్డు చెప్పలేదు, ఆవిడకి కావలసింది వంటింట్లో దొరికింది. లక్కవరం పెద్దాయనా, మీ చూపు మాటకి నేను ఓడిపోయాను. నిద్ర మాటకి మాత్రం ఇంకా ఒప్పుకోను.

మీ అందరికీ ఒక మనవి. ఈ ఆదివారం పొద్దుగూకాక మీ వంటింట్లో వండేవాళ్ళు నిలబడేచోట నిలబడి, కూర తరిగే చోటికి చెయ్యి చాపండి. మీ నీడ పడితే బల్బు రంగు గురించి తరవాత మాట్లాడుకుందాం. ముందు హోల్డరు మార్పించండి.