టికెట్టు మీది ఒంటి అక్షరం

శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి గల్ఫ్‌కి వెల్డింగు పనికో ఫిట్టరు పనికో వెళ్లే కుర్రాళ్లు టికెట్టు చేతికి రాగానే తేదీ చూస్తారు, సామాను ఎన్ని కిలోలో చూస్తారు, మడిచి పాస్‌పోర్టులో పెట్టేస్తారు. మా చుట్టాల పిల్లలైతే మడిచేలోపు ఫోటో తీసి నాకు పంపుతారు. ఏళ్ల తరబడి సాగుతున్న అలవాటిది. నేను ముందు వెతికేది క్లాసు అన్నచోట ఉండే ఒంటి ఇంగ్లిషు అక్షరాన్ని. ఆ తర్వాత ‘ఫేర్ బేసిస్’ అని, అక్షరాలూ అంకెలూ కలగలిపి రాసిన కోడ్‌ని. డబ్బు పెట్టి ఏం కొన్నామో చెప్పేవి అవే.

ఎకానమీ అంటే ఒకటే తరగతి అనుకుంటాం. సీటు ఒకటే, కిటికీ ఒకటే. ధర దగ్గరికొచ్చేసరికి దాన్నే ఎన్నో అరలుగా విడదీసి, ఒక్కో అరకు ఒక్కో అక్షరం పెడతారు. చాలా కంపెనీల్లో ‘వై’ అంటే పూర్తి ధర ఎకానమీ, ‘జె’, ‘సి’ అంటే బిజినెస్. మిగతా అక్షరాలకు ఎవరి అర్థాలు వాళ్లవి. చౌక అర నిండగానే మూతపడి, పై అర ధర తెర మీదకొస్తుంది. దీని వెనకున్న లెక్కను 1972లో బీఓఏసీ అనే బ్రిటిష్ విమాన సంస్థలో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ చెప్పాడు: చివర్లో ఎక్కువ ధర పెట్టేవాడు వచ్చే అవకాశం ఎంతో అంచనా కట్టు, ఆ ఆశ విలువ ఇప్పటి చౌక ధరను మించి ఉన్నంతవరకూ ఆ సీటు అమ్మకుండా ఆపు.

ఆ చివర్లో వచ్చేవాడు కంపెనీ ఖర్చు మీద తిరిగే వ్యాపారి అని లెక్కలు రాసేవాళ్ల ఊహ. మన జిల్లాల్లో అతను తండ్రి పోయాడన్న కబురు విన్న కొడుకు. అందుకే పిల్లలకు ఫేర్ రూల్స్ చదివి వినిపిస్తాను. ‘తేదీ మార్పు ఉచితం’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, దాని కింద ‘ధరలో తేడా వర్తిస్తుంది’ అని చిన్నక్షరాల్లో ఉంటుంది. కబురొచ్చిన రోజుకి అతను కొన్న అర ఎప్పుడో మూతపడి ఉంటుంది. మార్పు రుసుము లేకపోయినా, ఆ పూట తెరిచి ఉన్న అర ధరకూ తాను కట్టినదానికీ మధ్య తేడా కట్టాల్సిందే. వెయ్యో రెండు వేలో ఎక్కువ పెట్టి, పెద్ద కోత లేకుండా రద్దు చేసుకోగల టికెట్టు కొనుక్కోమని ఇంట్లో పెద్దవాళ్లున్న కుర్రాళ్లకు మరీ మరీ చెబుతాను.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి విశాఖకు నలుగురూ కలిసి వచ్చేవాళ్లకు ఇంకో మాట. చౌక అరలో రెండు సీట్లే మిగిలి ఉండగా నాలుగు అడిగితే, చాలాచోట్ల నలుగురికీ పై అర ధరే పడుతుంది. ముందు ఒక్క సీటుకి వెతికి చూడండి. ధర తగ్గితే రెండేసి చొప్పున కొనండి. అప్పుడు బుకింగులు రెండవుతాయి. విమానం రద్దయితే విడివిడిగా తిప్పలు పడాలి, అదీ తెలిసే కొనాలి.

ఈ అరల సంగతి అడగాల్సిన పౌర విమానయాన శాఖ మన రెండు జిల్లాలకూ కొత్తది కాదు. 2014 నుంచి 2018 వరకు ఆ శాఖ మంత్రి విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు, 2024 నుంచి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. మొదటాయన హయాంలో వచ్చిన ఉడాన్ పథకం గంట ప్రయాణానికి కొన్ని సీట్ల ధరను 2,500 రూపాయల దగ్గర కట్టడి చేసింది. రెండో ఆయన హయాంలో, 2025 డిసెంబరులో విమానాలు రోజుకు వందల్లో రద్దయి ధరలు కొండెక్కితే, 500 కిలోమీటర్లలోపు 7,500 రూపాయలు దాటకూడదని కేంద్రం గీత గీసింది. ధరకు గీత గీయగలిగినవాళ్లు, అరలను బయటపెట్టమని కూడా అడగగలరు. నాకు కావలసింది అది.

ఎందుకంటే, పలాసలోనో ఆమదాలవలసలోనో రైలెక్కే మనిషికి తన వరస తెలుసు. ఆర్ఏసీ 7 అంటే ముందు ఆరుగురున్నారు. చార్టు పడ్డాక సైడ్ లోయర్ బెర్తు మీద ఇంకొకరితో సర్దుకుని కూర్చోవాలని తెలిసే ఎక్కుతాడు. విమానాల్లో దీనికి దగ్గరిది స్టాండ్‌బై. 1977లో ఫ్రెడ్డీ లేకర్ లండన్-న్యూయార్క్ మధ్య స్కైట్రెయిన్ పెట్టి, ముందస్తు రిజర్వేషన్ లేకుండా ఆ రోజుకారోజు 59 పౌండ్లకు టికెట్లమ్మాడు. ఆ వరస జనం కళ్లెదుటే ఉండేది. మన దగ్గర స్టాండ్‌బై విమాన సంస్థల సిబ్బందికీ వాళ్ల ఇంటివాళ్లకూ దక్కే సదుపాయం. చెకిన్ మూసేదాకా కౌంటరు పక్కన నిలబడి, సీటు మిగిలితే ఎక్కుతారు.

మామూలు ప్రయాణికుడు మాత్రం తనకు తెలియకుండానే స్టాండ్‌బై అవుతాడు. కొందరు రారన్న లెక్కతో సీట్లకు మించి అమ్ముతారు, అందరూ వస్తే ఎవరో దిగిపోవాలి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ముందు స్వచ్ఛందంగా తప్పుకునేవాళ్లని అడగాలి. బలవంతాన ఆపితే, గంటలోపు బయల్దేరే వేరే విమానం చూపించకపోతే పరిహారం ఇవ్వాలి. 24 గంటల్లోపు పంపిస్తే మూల ధర, ఇంధన చార్జీ కలిపి దానికి రెట్టింపు, 10,000 వరకు. అది దాటితే నాలుగింతలు, 20,000 వరకు. ఈ అంకెలు కౌంటరు దగ్గర గొంతు తడబడకుండా చెప్పగలిగితే, అవతలివాళ్లు కుర్చీ చూపించి మాట్లాడతారు. మనంతట మనమే విమానం ఎక్కకపోయినా, ఎంత చౌక టికెట్టయినా, పన్నులూ విమానాశ్రయ రుసుములూ వెనక్కి రావాలి. అడగక వదిలేసుకుంటున్నవాళ్లే ఎక్కువ.

రైల్వే తన వరసను ఎస్సెమ్మెస్‌లో పంపుతోంది. విమాన సంస్థల లోపలి తెరల మీద కూడా ఒక్కో అరలో ఎన్ని సీట్లున్నాయో అంకె వేసి ఉంటుంది, తొమ్మిది దాటితే తొమ్మిదనే చూపిస్తుంది. ఏజెంట్లు రోజూ చూసే అంకె అది. డబ్బు కట్టే ముందు అదే అంకె, రద్దు చేస్తే ఎంత పోతుందన్న మాట, రెండూ తెలుగులో కొనేవాడికి చూపించమని భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఓట్లడిగిన ప్రతి నాయకుణ్నీ అడుగుతున్నాను.